గుణదల నుంచి జోజప్ప గారి గుడి దాకా

ఫిబ్రవరి 11, బుధవారం: గుణదల

తెల్లవారుజాము నాలుగున్నరకే ఏలూరు కాలువ పక్కన జనం. గుండు చేయించుకుని చందనం పూయించుకున్న పిల్లలు తండ్రుల భుజాల మీద నిద్రపోతున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో కొబ్బరికాయలు, పూలదండలు, కొవ్వొత్తుల కట్టలు. పైనుంచి మైకులో జపమాల వినిపించకపోతే ఏ కొండకొచ్చామో చెప్పడం కష్టం. దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లెక్కే జనానికీ ఈ జనానికీ నడకలో నాకేమీ తేడా కనపడలేదు.

నాతో వచ్చిన మిత్రుడిది ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) కుటుంబం. హైదరాబాదు ఆఫీసులో నా పక్క సీటు. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో జోజప్ప గారి (సెయింట్ జోసెఫ్) పేర ఒక చిన్న గుడి ఉందనీ, దాన్ని పడగొట్టి కొత్తది కట్టే మాట నడుస్తోందనీ చెప్పి, "నీకు పాత దూలాలు, తలుపులు చూసే పిచ్చి ఉందిగా, ఈలోగా చూద్దువుగాని రా" అన్నాడు. మధ్యలో గుణదల తిరునాళ్ళ కూడా కలిసొచ్చింది. గుణదల చూడకుండా ఊరికెళ్తే వాళ్ళ పెద్దమ్మ గడప తొక్కనివ్వదట.

కొండ కథ వందేళ్ళది. ఇటలీలోని మిలాన్ కేంద్రంగా 1850లో పుట్టిన పిమే అనే మిషనరీ సంఘం గురువు ఫాదర్ అర్లాటి 1924లో ఇక్కడ మరియమాత స్వరూపం పెట్టించారు. కింద కనిపించే పెద్ద దేవాలయం 1971 నాటిది. పండుగ తేదీ మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1858 ఫిబ్రవరి 11న లూర్దు గుహ దగ్గర బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పిల్లకు మరియమాత మొదటిసారి కనిపించిందని కతోలికుల నమ్మకం. ఆ దర్శనాలు మొత్తం 18, చివరిది అదే ఏడాది జూలై 16న. ఈ జూలై 16 సంగతి కాస్త గుర్తుంచుకోండి, రేపు పనికొస్తుంది.

కింద దుకాణంలో కొవ్వొత్తుల కట్ట 20 రూపాయలు, పైకెళ్ళేసరికి 30. కొబ్బరికాయ 50. పైన మరియమాత గుహ దగ్గర కొవ్వొత్తి పూర్తిగా కాలే దాకా ఉంచే తీరిక ఎవరికీ లేదు. వెలిగించిన రెండు నిమిషాలకే వెనకనుంచి తోసుకొస్తారు. ఒక కుర్రాడు తాపీ పట్టుకుని నేల మీద గడ్డకట్టిన మైనం గీకి గోనెసంచిలో నింపుతున్నాడు. అప్పటికే సగం సంచి నిండింది. "ఏం చేస్తార్రా దీన్ని?" అని మావాడు అడిగితే, "మళ్ళీ కొవ్వొత్తులే అన్నా" అన్నాడు తలెత్తకుండా.

కొండ దిగాక తిరునాళ్ళ బజారు. జపమాలలు, ఉత్తరీయాలు, ఖర్జూరాలు, జీళ్ళు, పిల్లల బూరలు, గాజులు. మిర్చి బజ్జీల బండి దగ్గర పావుగంట నిలబడితే గానీ పొట్లం చేతికి రాలేదు. ఉల్లిపాయ ముక్కలు దట్టించి నిమ్మకాయ పిండి ఇచ్చాడు, నాలుగు 40 రూపాయలు. ఆ పొద్దునపూట అంత కారం తినడం మాకు తప్ప అక్కడ ఎవరికీ వింతగా లేదు.

మధ్యాహ్నం గుంటూరు బస్సు. వారధి మీద కృష్ణ దాటుతుంటే మావాడు చెప్పిన ఒక సంగతి ఈ యాత్ర మొత్తానికీ తాళంచెవి. పాతకాలంలో కతోలిక గురువులకు ఈ నదే సరిహద్దు. బెజవాడ వైపు హైదరాబాదు మేత్రాసనం (బిషప్ గారి పాలనా ప్రాంతం) కింద మిలాన్ ఇటాలియన్లు. గుంటూరు వైపు మద్రాసు, తర్వాత నెల్లూరు మేత్రాసనాల కింద మిల్‌హిల్ గురువులు. ఈ మిల్‌హిల్ సంఘం 1866లో లండన్‌లో మొదలైంది. తర్వాత బెజవాడ 1937లో, గుంటూరు 1940లో వేరే మేత్రాసనాలయ్యాయి. ఏటికి ఆ ఒడ్డున స్వరూపాలు ఒక దేశంవి, ఈ ఒడ్డున ఇంకో దేశంవి కావడానికి కారణం ఇదేనన్నమాట.

ఫిబ్రవరి 12, గురువారం: గుంటూరు, ఫిరంగిపురం

గుంటూరులో ఎక్కువసేపు ఆగలేదు. ఆగినంతసేపూ తిండే. పొద్దున్నే నెయ్యి కారప్పొడి ఇడ్లీ, సాయంత్రానికని కోవా పెట్టిన మాల్‌పూరీలు నాలుగు కట్టించుకున్నాం. అవి సాయంత్రం దాకా ఉండలేదు.

క్రైస్తవం విషయంలో గుంటూరు మొదట లూథరన్ల (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఊరు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే అమెరికా మిషనరీ 1842లో ఇక్కడికి వచ్చి బడులు, గుడులు పెట్టాడు. 1904లో హాలండ్ నుంచి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సంఘం కతోలిక మఠకన్యలు వచ్చారు. ఊళ్ళో ఏ పెద్దావిణ్ణి కదిపినా, తన కాన్పో తన కూతురి కాన్పో ఏదో ఒక మిషన్ ఆసుపత్రిలోనే అయిందని చెబుతుంది. ఏ మిషన్ అన్నది ఆవిడకి పట్టదు.

పేరేచర్ల దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి కల్లాలు. మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. బస్సు కిటికీ వేసినా ఘాటు లోపలికొస్తుంది. తుమ్మినవాళ్ళు మేమిద్దరమే. నరసరావుపేట వైపు వెళ్ళే బస్సులు శివరాత్రి సందడితో కిక్కిరిసి ఉన్నాయి. కోటప్పకొండ ప్రభల గురించే అందరి మాటలూ. ఎవరి ఊరి ప్రభ ఎన్ని అడుగులు అన్న దాని మీద మా ముందు సీట్లో ఇద్దరికి గొడవైంది. అందులో ఒకాయన మెడలో సిలువ ఉంది.

ఫిరంగిపురం బాలయేసు దేవాలయం దూరం నుంచే కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మిల్‌హిల్ గురువు థియోడర్ డీక్‌మన్ కట్టించారు. లోపలికెళ్ళి నిలబడితే తల ఎత్తి చూడాల్సిందే. మంచి కట్టడం, గొప్ప కట్టడం. కానీ ఇంత పెద్ద గుళ్ళలో నాకు చిక్కేదేమీ ఉండదు. ప్రతి వస్తువుకీ ఒక ఫలకం, ప్రతి ఫలకానికీ ఒక తేదీ. చరిత్ర అంతా ముందే చెప్పేసి ఉంటుంది.

ఊరి వెనక కొండ మీద కార్మెల్ మాత. ఆవిడ తిరునాళ్ళ జూలై నెలలో, ముఖ్యమైన రోజు 16. అంటే లూర్దులో చివరి దర్శనం రోజు. లూర్దు మొదటి రోజుకి జనం గుణదలకీ, చివరి రోజుకి ఇక్కడికీ వెళ్తారు. మావాడు ముప్పై ఏళ్ళుగా రెండు తిరునాళ్ళకీ వెళ్తున్నాడు గానీ ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదట. "మాకు లూర్దు మాత వేరు, కార్మెల్ మాత వేరు. అక్కాచెల్లెళ్ళనుకో" అన్నాడు.

గుడి ఎదురుగా టీ కొట్టు. దుకాణాల బోర్డుల మీద, ట్రాక్టర్ల వెనక పేర్లు చదువుతూ కూర్చున్నాను. శౌరెడ్డి, ఇన్నారెడ్డి, మర్రెడ్డి, రాయపరెడ్డి. క్రైస్తవ పునీతుల పేర్లకి రెడ్డి తగిలించినవి. ఈ పేర్ల వెనక పెద్ద వలస ఉంది. 1700ల మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు మీదుగా తెలుగు నేలకొచ్చారు. కాషాయం కట్టి, మాంసం మాని సన్యాసుల్లా బతికారు. వాళ్ళ దగ్గర జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్న రాయలసీమ రెడ్డి కుటుంబాల్లో కొన్ని కరువులకూ దండయాత్రలకూ తట్టుకోలేక ఈ కొండవీటి సీమకి చేరాయి. 1773లో పోపుగారు జెస్యూట్ సంఘాన్నే రద్దు చేశారు. గురువులు అరుదైపోయారు. మిల్‌హిల్ వాళ్ళు వచ్చేదాకా మధ్యలో గడిచింది దాదాపు నూరేళ్ళు. అన్నాళ్ళూ జపాలు చెప్పించింది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి జ్ఞానస్నానం ఇచ్చింది ఊళ్ళలోని ఉపదేశులు. పంచె కట్టుకున్న మామూలు రైతులు, బడి పంతుళ్ళు.

అదే రోజు సాయంత్రం: వేరే గుడి

ఫిరంగిపురంలో ఆటో మాట్లాడుకున్నాం, 350 రూపాయలకి. డ్రైవరు కొత్తవాడు, మావాడు చిన్నప్పుడు ఎద్దుల బండిలో వెళ్ళినవాడు. ఫోన్లో మ్యాప్ చెప్పినట్టు తిప్పుకుంటూ పోతే పత్తి చేల మధ్య డొంకలో పడి చివరికి ఒక గుడి ముందు తేలాం. తెల్లటి గోడలు, లోపల బెంచీలు, ముందు ఒక ఉత్త సిలువ. స్వరూపం ఒక్కటీ లేదు.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన మా వాలకం చూసి, "మీక్కావలసింది బొమ్మల గుడా?" అన్నాడు.

"ఆర్‌సీఎం గుడండి" అన్నాడు మావాడు కాస్త ముభావంగా.

"అదేనయ్యా, బొమ్మల గుడి. ఇది లూథరన్. మీది కాలవ అవతల. దిగి కాసిని మంచినీళ్ళు తాగి పోండి."

నీళ్ళతో సరిపెట్టలేదు. వేయించిన వేరుశెనక్కాయలు, బెల్లం ముక్క, టీ. ఆయన అల్లుడు ఆర్‌సీఎమ్మేనట. పెళ్ళి ఏ గుళ్ళో చెయ్యాలన్న దాని మీద ఏడాదిన్నర పంచాయితీ నడిచిందట. "చివరికి ఎక్కడైంది?" అంటే "ఫంక్షన్ హాల్లో" అన్నాడు. దారి చూపడానికి మనవణ్ణి బండి మీద ముందు పంపించాడు. ఆటోవాడు ఇంకో వంద అడిగాడు, న్యాయమే అనిపించి ఇచ్చాం.

ఫిబ్రవరి 13, శుక్రవారం: ఊరి గుడి

ఊరి పేరు రాయనని ఉపదేశి గారికి మాటిచ్చాను. పాత ఇత్తడి కోసం, గంటల కోసం గుళ్ళ మీద పడే దొంగల భయం ఆయనకి. అందుకని, ఫిరంగిపురానికి అవతల, కొండవీడు కొండలు కనుచూపులో ఉండే ఒక ఊరు అనుకోండి.

తాళంచెవి ఉపదేశి గారింట్లో మేకుకి వేలాడుతుంది. ఆయనకి 78 ఏళ్ళు. తండ్రి ఉపదేశి, తాత ఉపదేశి. బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. తలుపు తీయడానికి ముందు చెప్పులు అరుగు కింద వరసగా పెట్టించారు, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే ఒప్పుకోలేదు.

గుడి ఒక్కటే గది. ఓ ముప్పైమంది ఇరుక్కోకుండా కూర్చోవచ్చు, పండుగరోజు వందమంది ఇరుక్కుంటారు. మొదట్లో ఇది పూరి పాకట. ఆయన తాతగారి హయాంలో గోడలు లేచాయి. పిడుగురాళ్ళ సున్నాన్ని గానుగలో ఆడించి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి మెత్తిన గోడలు. మీద ఎన్ని రంగులు వేశారో గానీ పెచ్చు ఊడిన చోట చెయ్యి పెడితే రాతిమీద పెట్టినట్టే చల్లగా, నున్నగా ఉంది. పైన టేకు వాసాలు, మంగుళూరు పెంకులు. నేల మీద నాపరాళ్ళు. పీఠం ముందు రెండు రాళ్ళు మాత్రం బాగా అరిగి గుంటపడ్డాయి. "అక్కడే బాబూ, మోకాళ్ళ మీద నిలబడి సత్ప్రసాదం తీసుకునేది" అన్నారు ఉపదేశి గారు. సత్ప్రసాదం అంటే పూజలో ఇచ్చే అప్పం. ఇప్పుడు నిలబడి చేతిలో తీసుకుంటున్నారు కాబట్టి ఆ గుంటలు ఇక పెరగవు.

పీఠాలు రెండున్నాయి. పాతది వెనక గోడకు ఆనించి కట్టింది, మూడు మెట్లు, మధ్యలో గూడు, గూట్లో జోజప్ప గారి స్వరూపం. 1960ల దాకా గురువులు జనానికి వీపు పెట్టి ఈ పీఠం వైపు తిరిగి లతీనులో పూజ చేసేవారు. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. ఆ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువులు జనం వైపు తిరిగారు. తిరగాలంటే ముందొక బల్ల కావాలి. చెరువు గట్టున గాలివానకి పడిపోయిన వేపచెట్టుతో ఊరి వడ్రంగి చేసిచ్చాడు. మేకు ఒక్కటీ లేదు, చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. యాభై ఏళ్ళు దాటినా ఊగలేదు. ఆ వడ్రంగి కతోలికుడు కాదు, విశ్వబ్రాహ్మణుడు. కూలి వద్దని, పని పూర్తయ్యాక ఒక కొబ్బరికాయ కొట్టించి వెళ్ళాడట.

ఉపదేశి గారు చిన్నప్పుడు పూజలో గురువులకి సాయం చేసే కుర్రాడు. "లతీను ఇంకా వచ్చా తాతగారూ?" అని మావాడు కదిపాడు. ఆయన నిటారుగా నిలబడి "ఇంత్రోయిబో అద్ అల్తారే దేయి" అని గురువు మాట ఒకటి, "అద్ దేవుమ్ క్వి లెతిఫికాత్" అంటూ జవాబు సగం చెప్పి ఆగిపోయారు. మిగతా సగం రాలేదు. మధ్యాహ్నం మేం భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన మనవరాలు పరుగెత్తుకొచ్చి, "తాతకి గుర్తొచ్చింది, చెప్పి రమ్మన్నాడు. యువెంతూతెమ్ మేయమ్" అని చెప్పి వెళ్ళింది.

వేపబల్ల మీద గుడ్డ తీసి చూపించారు. మధ్యలో పలకలో చదరంగా తొలిచి, అందులో ఒక చిన్న రాయి కూర్చారు. మహా అయితే జానెడుంటుంది. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు చిన్న సిలువలు చెక్కి ఉన్నాయి. మధ్య సిలువ పక్కన సిమెంటులాంటి దానితో మూసేసిన చిన్న గుంట. అందులో ఎవరో వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) అస్థిక ఉంటుంది. పాతకాలంలో ఈ రాయి లేనిదే పూజ చేయకూడదు. అందుకే ఊరూరా తిరిగే గురువులు ఇలాంటి రాతిని గుర్రం మీద వెంట తెచ్చుకునేవారు. ఈ గుళ్ళో ఉన్నది ఆ రాయేనని, ఒక మిల్‌హిల్ గురువు వదిలిపెట్టి వెళ్ళారని ఉపదేశి గారి మాట. నన్ను ముట్టుకోనివ్వలేదు. నేనూ అడగలేదు.

సత్ప్రసాదం భద్రపరిచే పెట్టె, దివ్య మందసం, తలుపు బార్లా తెరిచి ఉంది. దొంగతనమేమో అని నేను కంగారు పడ్డాను. ఇది గురువులు ఉండే విచారణ (పారిష్) కేంద్రం కాదు, దాని కింద ఉండే ఉపవిచారణ. గురువులు నెలకి రెండుసార్లు వచ్చి పూజ చేసి వెళ్తారు. వాళ్ళు వెళ్ళాక మందసంలో సత్ప్రసాదం ఉంచరు. లేదని అందరికీ తెలియడానికే తలుపు తెరిచిపెడతారు, పక్కనున్న ఎర్ర దీపం ఆర్పేస్తారు. ఆ దీపం ఇదివరకు ఆముదంతో వెలిగేది, ఇప్పుడు జీరో బల్బు. గాజు బుడ్డి మాత్రం పాతదే, అంచు మీద ఒక చోట పెచ్చు లేచింది.

గోడలకి అటు ఏడు, ఇటు ఏడు, సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారి) పటాలు. పద్నాలుగు స్థలాలన్న లెక్క 1731లో పోపు 12వ క్లెమెంటు స్థిరపరిచింది. రంగు అచ్చు కాగితాలు, టేకు ఫ్రేములు. కింద అక్షరాలు ఏదో విదేశీ భాషవి, చెదలు సగం తినేశాయి. తొమ్మిదో పటం అసలుది పోయింది. దాని చోట గుంటూరులో కొన్న క్యాలెండరు బొమ్మ కత్తిరించి పెట్టారు. ప్రభువు గడ్డం రంగు ఎనిమిదిలో గోధుమ, తొమ్మిదిలో నలుపు, పదిలో మళ్ళీ గోధుమ. ప్రతి ఫ్రేము నెత్తినా వేలెడంత చెక్క సిలువ ఉంది. "బొమ్మ పోయినా పర్లేదు, పై సిలువ ఉండాలి, అది చెక్కదే అవ్వాలి" అన్నారు ఉపదేశి గారు. పాత నియమం అదే. ముఖ్యం ఆ చెక్క సిలువే, బొమ్మ మన సౌకర్యానికి.

జోజప్ప గారి స్వరూపం సంగతి మాత్రం నాకు బాధేసింది. ఏటా మార్చి 19న ఆయన పండుగ. దానికి ముందు రంగులు వేయిస్తారు, వేసేది వినాయక చవితి బొమ్మలకి రంగులేసే మనిషే. ఏటికేడు ఎనామెల్ పడి పడి ముక్కు మొన, వేళ్ళ సందులు పూడిపోయాయి. మీసం నల్లగా నిగనిగలాడుతోంది. చేతిలోని లిల్లీ పువ్వుకి బంగారు రంగు. అడుగున కాలి దగ్గర ఒక చోట రంగు రాలి, కింద అసలు రంగు కనిపించింది, లేత మట్టిరంగు. ఎంత బాగుందో. ఒక్క కాలివేలు మాత్రమే కనిపిస్తోంది.

మూలన ఒక చెక్క పలక నిలబెట్టి ఉంది, మధ్యలో చిల్లుల రేకు. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి. గురువు కుర్చీ పక్కన దీన్ని పెడితే చాలు, అటువైపు మనిషి మోకాళ్ళేసి చెప్పుకుంటాడు. రేకు చిల్లులు మేకుతో కొట్టినవి, వరస తప్పి ఉన్నాయి. హార్మోనియం ఉంది, రెండు మెట్లు పలకవు. దాని మీద కీబోర్డు పెట్టుకుంటున్నారు. ఇక ఫ్యాన్లు. ఒక్కో రెక్క మీద ఒక్కో దాత పేరు, తండ్రి పేరు, "జ్ఞాపకార్థం" అన్న మాటతో సహా. ఫ్యాను తిరుగుతుంటే ఒక్క పేరూ కనపడదు. అందుకేనేమో ఫిబ్రవరిలో కూడా కాసేపు ఆపి, చూసుకుని, మళ్ళీ వేస్తారని మావాడు ఎగతాళి చేశాడు. ఆ ఫ్యాన్లన్నీ మిర్చికి మంచి ధర పలికిన ఏడాది వచ్చినవే. ఈ గుళ్ళో ప్రతి వస్తువూ ఎప్పుడొచ్చిందో ఉపదేశి గారు సంవత్సరం చెప్పలేరు గానీ, ఆ ఏడు పంట ఎలా ఉందో చెప్పగలరు.

గంట బయట, రెండు రాతి స్తంభాల మధ్య. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి కొడతారు. దాని పక్కనే రైలుపట్టా ముక్క ఒకటి ఇనుప గొలుసుకి వేలాడుతోంది. గంట రాకముందు అదే గంట. ఇప్పుడది చావు కబురుకి మాత్రమే. ఆగి ఆగి ఒక్కొక్క దెబ్బ కొడతారు. అది మోగితే పొలంలో ఉన్నవాళ్ళు కూడా నడుం ఎత్తి చూస్తారట.

గుడికి ఎదర తలుపు కాక పక్కన ఒక చిన్న తలుపుంది. ఎందుకని అడిగాను. ఉపదేశి గారు వెంటనే చెప్పలేదు. "అప్పట్లో పేట వాళ్ళు అటునుంచి వచ్చి అటే కూర్చునేవాళ్ళు బాబూ. ఇప్పుడలా లేదు. ఎవరికి ఫ్యాను ఎక్కడ దొరికితే అక్కడ" అన్నారు. సమాధుల తోటలోకి తీసుకెళ్ళమంటే మావాడు తీసుకెళ్ళాడు. అక్కడ ఫ్యాన్లు లేవు. నడుమెత్తు గోడ మధ్యలో ఇంకా ఉంది. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ వార్త వచ్చిన సాయంత్రం దళితులుండే పేటలో టపాకాయలు కాల్చారని, తేరు తిప్పుదామంటే ఊళ్ళో కొందరు కదల్లేదని మావాడు చెప్పాడు. గోడ సంగతి ఎత్తితే "పాతది కదా, అలా ఉండిపోయింది" అంటారు. పాతవన్నీ కాపాడాలని నేను వాదించను. ఆ గోడ రేపు కూల్చినా నాకు అభ్యంతరం లేదు.

భోజనం పెద్దమ్మ ఇంట్లో. శుక్రవారం కాబట్టి నీచు లేదు. ముద్దపప్పు, నెయ్యి, వంకాయ కూర, పండుమిరపకాయ పచ్చడి. పచ్చడి అప్పుడే రోట్లో తొక్కింది, చింతపండు ఎర్రగా తేలుతోంది. నేను రెండోసారి వేయించుకుంటుంటే, "జాగ్రత్త నాయనా, ఇది హైదరాబాదు కారం కాదు" అంది. మూడోసారి అడిగేసరికి ఇక ఏమీ అనలేదు, నెయ్యి గిన్నె నా పక్కన పెట్టింది.

ఫిబ్రవరి 14, శనివారం: విభూది, మీటింగు

పొద్దున్నే గుళ్ళో పిల్లల హడావిడి. వచ్చే బుధవారం విభూది పండుగ, తపస్సు కాలం (లెంట్) మొదలు. నుదుట రాసే విభూది కొనుక్కొచ్చేది కాదు. కిందటేడు మట్టల ఆదివారం నాడు పంచిన ఈత మట్టల్ని ఇంటింటా పటాల వెనక, దూలాల సందుల్లో దోపి ఉంచుతారు. వాటిని ఇప్పుడు పోగుచేసి కాలుస్తారు. పిల్లలు చేటల్లో తెచ్చి అరుగు మీద పోస్తున్నారు. కొందరు వాటిని సిలువలుగా అల్లారు. ఒక ముసలామె తెచ్చిన దాంట్లో పాత సినిమా టికెట్టు ఒకటి, దువ్వెన పన్ను ఒకటి వచ్చాయి. దూలం సందులోంచి లాగింది కదా. ఉపదేశి గారు ఏరి పక్కన పెట్టి ఆవిడకే ఇచ్చేశారు.

శనివారం గనక కోడికూర, గారెలు. తిని చెయ్యి కడుక్కుంటుండగా గుడి ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. కొత్త గుడి మీటింగు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషిని కదా, నన్నూ కూర్చోబెట్టారు. కాంట్రాక్టరు గీయించిన బొమ్మ చేతులు మారింది. రెండు గోపురాలు, స్లాబు, గ్రానైటు నేల, పీఠం వెనక రంగులు మారే ఎల్‌ఈడీ దీపాలు. ఈ బొమ్మ నేను చాలా ఊళ్ళలో చూశాను. గోపురం మీద సిలువ తీసేసి కలశం పెడితే కల్యాణ మండపమవుతుంది.

నన్ను అడిగారు కాబట్టి చెప్పాను. గోడలు ఇంకో వందేళ్ళు ఉంటాయి, పెంకులు దింపి విరిగినవి మార్చి వాసాలకి నూనె పట్టిస్తే కొత్త గుడి ఖర్చులో పదో వంతు కూడా కాదు. నాపరాళ్ళు కదపొద్దు, స్వరూపానికి ఎనామెల్ ఆపండి, కావాలంటే పక్కన స్థలం ఉంది, పెద్ద హాలు అక్కడ కట్టుకోండి అన్నాను. కుర్రాళ్ళు ఇద్దరు తలూపారు. పెద్దమ్మ వరసకి మరిది అయ్యే ఒకాయన మర్యాదగానే జవాబు చెప్పారు. "మీరన్నది బాగానే ఉంది సార్. మీరు ఒక పూట చూసి వెళ్తారు. వానాకాలం పూజలో చుక్కలు పడేది మా నెత్తిన. కిందటి పండక్కి మా వియ్యంకులొస్తే కూర్చోబెట్టడానికి చోటు లేక చింతచెట్టు కింద నిలబెట్టాం. ఆ సిగ్గు మీకు తెలవదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉపదేశి గారు అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఎవరో అడిగితే, "ఏది కట్టినా రాయీ, బల్లా, గంటా నాకు చెప్పకుండా కదల్చొద్దు" అన్నారంతే. కాసేపు డబ్బు మాటలు నడిచాయి. ఎకరానికి ఒక టిక్కీ (మిర్చి బస్తా) అని ఒకరంటే, కౌలు రైతుల సంగతేమిటని పేట నుంచి వచ్చినాయన లేచారు. ఈ ఏడు యార్డులో రేటు చూస్తే ఎవరి మొహంలోనూ ఉత్సాహం లేదు. చివరికి పాస్కా (ఈస్టర్) పండుగ దాటాక, సరుకు అమ్ముడయ్యాక మళ్ళీ కూర్చుందామని వాయిదా వేశారు. ఈలోగా వర్షాలకి ముందు పెంకులు సర్దించడానికి ఇంటికి 200 రూపాయలు వేసుకున్నారు. మావాడు అమ్మమ్మ పేరు మీద, నేను నా పేరు మీద ఇచ్చాం. రశీదు రాసిస్తూ కోశాధికారి, ఫ్యాను రెక్క ఒకటి ఖాళీగా ఉందనీ, కావాలంటే నా పేరు రాయిస్తాననీ అన్నాడు.